కరువు పని వల్లనే కూలి పెరిగిందా? ఈ ప్రశ్నకు జవాబు ఎట్లా వెతకాలి

(కౌతాళంలో జరిగిన మండల కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



"సర్వేలు, పరిశోధనలు: ఏది ఎంతవరకు నమ్మాలి" అన్న అంశం నాకిచ్చారు. కరపత్రంలో ఆ పేరు చూసి ఇదేదో కాలేజీ పాఠం అనుకున్నవాళ్లు ఉంటారు. ఇప్పుడే ఈ అంశం ఎందుకు పెట్టుకున్నామో ముందు చెప్తాను.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. 100 రోజుల బదులు 125 రోజులు అని రాసింది. ఖర్చులో 40 శాతం మన లాంటి రాష్ట్రాల మీద వేసింది. నిధుల సంగతి వేరే తరగతిలో మాట్లాడుకుందాం. ఈ రోజు ఒక్క నిబంధన చాలు. విత్తనం వేసే కాలం, కోతల కాలం కలిపి ఏడాదిలో మొత్తం 60 రోజులు ఈ పనులు నడపకూడదు. ఆ రోజులు ఏవో రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ప్రకటించాలి. అంటే రేపు అధికారులు మనల్ని కూడా అడగొచ్చు, "మీ ప్రాంతంలో ఏ రోజులు ఆపమంటారు?" అని. అడగకపోయినా మనం చెప్పాల్సిందే.

ఆ నిబంధన వెనక ఉన్న వాదన మీకు కొత్త కాదు. కరువు పని వచ్చినప్పటి నుంచి కూలోళ్లు దొరకడం లేదు, రేటు పెరిగిపోయింది, అందుకే సేద్యం గిట్టడం లేదు అని. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. అదే ఏడాది అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి శరద్ పవార్ కూడా సేద్యం పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఉపాధి పనులు ఆపాలని కోరారు. ఈ మాట పెద్ద రైతులు మాత్రమే అంటున్నారనుకోవద్దు. మన సంఘం సభ్యులు కూడా కట్ట మీద కూర్చుంటే అదే అంటారు.

మన సంఘంలో ఉన్న చిక్కు ఏమంటే, రైతు, కూలి అని రెండు వరుసల్లో కూర్చోబెట్టలేం. రెండెకరాల మెట్ట ఉన్న మనిషి జూన్‌లో రైతు. దీపావళి దాటితే సుగ్గికి పోయి గుంటూరు వైపు మిరప కోసే కూలి. ఈ ప్రశ్నకు ఏ జవాబు వచ్చినా ఆ మనిషికి ఒక చేత్తో లాభం, ఇంకో చేత్తో నష్టం. కాబట్టి గొంతు పెద్దగా ఉన్నవాళ్ల మాట విని తేల్చేసే విషయం కాదిది.

మనం సాధారణంగా ఎట్లా తేలుస్తాం? "2005లో కూలి ఎంత, 2012లో ఎంత? మధ్యలో వచ్చింది కరువు పనే కదా" అంటాం. మధ్యలో వచ్చింది అదొక్కటేనా? గుర్తు చేసుకోండి. 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం పోరాడి బీటీ పత్తి విత్తనం ప్యాకెట్టు ధరను 1,600 రూపాయల పై నుంచి 750కి దించింది. ఆ తర్వాత రెండు మూడేండ్లలో పత్తి ఎక్కడెక్కడికో పాకింది. పత్తి పెరిగితే పత్తి తీతకు మనుషులు కావాలి, కూలి పెరుగుతుంది. 2008లో రుణమాఫీ వచ్చింది. అదే ఏడాది పొడవు పింజ పత్తికి మద్దతు ధర 2,030 నుంచి ఒకేసారి 3,000 రూపాయలు అయింది. బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడాల పని పెరిగి మగవాళ్లను గుంజుకుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచింది, నది పక్క చేలు పోయాయి. మన జిల్లాలో ఉపాధి హామీ మొదలైంది 2007లో, రెండో విడతలో. ఇన్ని ఒకే నాలుగేండ్లలో జరిగితే, పెరిగిన కూలిని ఒక్కదాని ఖాతాలో వేయడం ఎట్లా?

"ముందు, తర్వాత" లెక్క తెలియకుండానే అన్ని కారణాలనూ కలిపేస్తుంది. మనకు కావాల్సిన లెక్క వేరు. ఉపాధి పని రాకపోయి ఉంటే ఇదే ఊళ్లో ఇదే ఏడాది కూలి ఎంత ఉండేది? ఆ ఊరిని మనం చూడలేం, అది జరగలేదు కాబట్టి. దాని బదులు నిలబెట్టడానికి దగ్గరి పోలిక ఒకటి వెతుక్కోవాలి. పరిశోధన మంచిదా చెడ్డదా అన్నది చాలా వరకు ఆ పోలికను ఎంత జాగ్రత్తగా వెతికారు అన్నదాని మీదే ఉంటుంది.

పోలిక ఎట్లా చెడిపోతుందో ఆదోని యార్డు నుంచే ఒక ఉదాహరణ. సీసీఐకి పత్తి అమ్మినవాళ్లకు, దళారికి అమ్మినవాళ్లకు వచ్చిన ధరలు రాసుకుంటే సీసీఐ వాళ్లకు ఎక్కువ కనిపిస్తుందనుకుందాం. ఆ తేడా అంతా సీసీఐ ఇచ్చిందేనా? తేమ 12 శాతం దాటితే సీసీఐ తీసుకోదు. అక్కడికి పోయేది పత్తి ఆరబెట్టుకునే జాగా ఉన్నవాడు, వారం పది రోజులు ఆగగలిగినవాడు, పేరు మీద పాసుపుస్తకం ఉన్నవాడు. విత్తనాల అంగడి అప్పు మెడ మీద ఉన్నవాడు ముందే దళారి దగ్గరికి పోయాడు. అతని పత్తి, అతని అవసరం రెండూ వేరు. కాబట్టి అక్కడ కనిపించే తేడాలో కొంత సీసీఐది, కొంత మనిషి స్థితిది. సీసీఐ కేంద్రాలు కావాలని మనం అడగాల్సిందే. కానీ ఆ తేడా మొత్తం చూపించి అడిగితే, తెలిసిన అధికారి ఒకే ప్రశ్నతో మన కాగితాన్ని పక్కన పెడతాడు.

ఉపాధి హామీకి కూడా ఇదే చిక్కు. దేశంలో మొదట 2006లో 200 జిల్లాలకు, 2007లో ఇంకో 130 జిల్లాలకు, 2008లో మిగతా జిల్లాలకు ఇచ్చారు. వెనుకబడిన జిల్లాలకు ముందు ఇవ్వాలన్నది ఉద్దేశం. అది న్యాయమే, కానీ పరిశోధకుడికి కష్టం. ముందు వచ్చిన అనంతపురాన్ని తర్వాత వచ్చిన కృష్ణా జిల్లాతో పోలిస్తే ఏం తెలుస్తుంది? కాలువ నీళ్లున్న జిల్లాకూ లేని జిల్లాకూ తేడా తెలుస్తుంది. క్లెమాన్ ఇంబెర్, జాన్ పాప్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని కొంత దాటారు. జిల్లాల స్థాయిని పోల్చకుండా, పథకం వచ్చిన జిల్లాల్లో మార్పు ఎంత, ఇంకా రాని జిల్లాల్లో అదే కాలంలో మార్పు ఎంత అని పోల్చారు. 2015లో అచ్చయిన వాళ్ల లెక్క ప్రకారం ప్రైవేటు కూలి దాదాపు 4.7 శాతం పెరిగింది, ప్రైవేటు పని కొంచెం తగ్గింది. ఇంకో మాట కూడా ఉంది, దీన్ని దయచేసి రాసుకోండి. ఆ ప్రభావం ఉపాధి పని ఎక్కువగా జరిగే ఎండాకాలపు ఆరు నెలల్లోనే కనిపించింది. వానాకాలంలో పెద్దగా లేదు.

అయినా అనుమానం పూర్తిగా పోదు. వెనుకబడిన జిల్లాలు ఆ సంవత్సరాల్లో వేరే కారణాలతో కూడా తొందరగా ఎదుగుతూ ఉండొచ్చు. అనుమానం తీరాలంటే ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నది పేదరికాన్ని బట్టి గాని, ఎమ్మెల్యే పలుకుబడిని బట్టి గాని కాకుండా చిట్టీ వేసి తేల్చాలి.

సరిగ్గా అట్లా జరిగిన సందర్భం ఒకటి ఉంది, అదీ మన జిల్లాలోనే. ఈ గదిలో చాలామందికి తెలియకపోవచ్చు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి కూలి, పింఛన్లు స్మార్ట్ కార్డు మీద వేలిముద్రతో ఊళ్లోనే ఇవ్వాలని అనుకుంది. అంతకు ముందు పోస్టాఫీసు చుట్టూ తిరిగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 2010 నాటికి ఎనిమిది జిల్లాల్లో ఇది ఇంకా మొదలు కాలేదు. ఆదిలాబాదు, అనంతపురం, ఖమ్మం, కడప, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రభుత్వాన్ని ఒప్పించి, ఏ మండలానికి ముందు, ఏ మండలానికి చివర అన్నది లాటరీతో తేల్చారు. 112 మండలాలు ముందు వరసలోకి, 45 మండలాలు చివరి వరసలోకి వచ్చాయి. ఈ 157 మండలాల్లో దాదాపు కోటి తొంభై లక్షల మంది ఉన్నారు. 2010లో ఒకసారి, 2012లో ఇంకోసారి వేల ఇండ్లు తిరిగి లెక్కలు రాశారు.

లాటరీ ఎందుకంత ముఖ్యమో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. రెండు రకాల విత్తనం పరీక్షించాలంటే ఒకటి నల్లరేగడిలో, ఇంకోటి గరుసు నేలలో వేసి పోల్చరు కదా. ఒకే చేనులో వేస్తారు. అప్పుడు కూడా గట్టు పక్క తడి ఎక్కువ ఉంటుందేమో, నాకు నచ్చిన విత్తనాన్ని నేనే తెలియకుండా మంచి చాలులో వేశానేమో అన్న అనుమానం ఉంటుంది. 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో రొనాల్డ్ ఫిషర్ ఈ అనుమానానికే మందు కనిపెట్టాడు. ఏ మడిలో ఏది వేయాలో చీట్లు తీసి తేల్చమన్నాడు. అంటే ఇది సేద్యంలో పుట్టిన పద్ధతి. తర్వాత మందుల పరీక్షలకు పోయింది, ఆ తర్వాత పేదరికం లెక్కలకు వచ్చింది. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది ఈ దారిలో చేసిన పనికే.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. రెండేండ్ల తర్వాత చూస్తే ముందు వరస మండలాల్లో కూడా చెల్లింపుల్లో సుమారు సగమే కార్డు మీద జరుగుతున్నాయి. మిగతా సగం పాత పద్ధతే. ఇంకొకరైతే "కార్డు వచ్చినవాళ్లను, రానివాళ్లను పోలుద్దాం" అనేవారు. వీళ్లు అట్లా చేయలేదు. కార్డు ముందుగా ఎవరికి వస్తుంది? రోడ్డు పక్క ఊరికి, చురుకైన ఫీల్డ్ అసిస్టెంట్ ఉన్న ఊరికి. ఆ ఊళ్లు ముందే మెరుగ్గా ఉంటాయి. అందుకని కార్డు అందిందా లేదా అని చూడకుండా, లాటరీలో పేరు వచ్చిన మండలం మొత్తాన్ని పేరు రాని మండలం మొత్తంతో పోల్చారు. ప్రభుత్వ కార్యక్రమం నిజంగా నడిచే తీరు అదే కాబట్టి, లోపాలతో సహా లెక్క వచ్చింది.

ఏం తేలింది? కూలి డబ్బు చేతికి రావడం 30 శాతం దాకా తొందరైంది. ఉపాధి పని మీద ఇండ్లకు వచ్చే ఆదాయం 24 శాతం పెరిగింది. ప్రభుత్వం ఖర్చు మాత్రం పెరగలేదు. అంటే పెరిగిన డబ్బు అంతకు ముందు మధ్యలో ఎవరో మింగిన డబ్బు. దొంగ మస్టర్ల గురించి మనం ఏండ్ల తరబడి అరిచినదానికి ఇంత శుభ్రమైన రుజువు నేను ఇంకెక్కడా చూడలేదు.

అసలు సంగతి తర్వాతి పరిశోధనలో ఉంది. అదే ముగ్గురు, అవే మండలాలు, ఎకనోమెట్రికా అనే పత్రికలో 2023లో అచ్చయింది. పేద ఇండ్ల మొత్తం ఆదాయం 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పని నుంచి రాలేదు, బయటి పని నుంచి వచ్చింది. ఉపాధి డబ్బు సరిగా అందిన మండలాల్లో ప్రైవేటు కూలి రేటు పెరిగింది. కూలోళ్లు "ఇంతకు తక్కువైతే రాము" అనగలిగారు.

ఇంతవరకు కట్ట మీద వాదన గెలిచినట్టే. ఉపాధి పని కూలి పెంచుతుంది, నిజమే. కానీ కట్ట మీద వాదనలో ఇంకో సగం ఉంది, కూలోళ్లు దొరకరు, ప్రైవేటు పని పడిపోతుంది అని. అది నిలబడలేదు. ఆ మండలాల్లో ప్రైవేటు పని తగ్గకపోగా పెరిగింది. రేటు పెరిగితే పని తగ్గాలి కదా అని మీరు అడగొచ్చు. పరిశోధకులు ఇచ్చిన వివరణ ఇది. పల్లెలో కూలి రేటును కొద్దిమంది భూస్వాములు కలిసి కిందికి పట్టి ఉంచితే, ఆ రేటుకు కొంతమంది ఇంట్లోనే కూర్చుంటారు. రేటు కాస్త పైకి పోతే వాళ్లు బయటికి వస్తారు. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలోనే పని ఎక్కువ పెరగడం దీనికి తోడు సాక్ష్యం. చేతిలో డబ్బు ఆడితే ఊళ్లో అంగళ్లు, చిన్న వ్యాపారాలు కూడా పెరిగాయి.

మనకు రుచించని సంగతి కూడా అందులోనే ఉంది. భూమి మీద రాబడి తగ్గింది. దీన్ని దాచి మాట్లాడితే సంఘానికి మర్యాద కాదు. కూలి పెట్టి సేద్యం చేసేవాడి జేబు నుంచి కొంత, కూలికి పోయేవాడి జేబుకు మారింది. నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. కౌతాళం, కోసిగి మండలాల్లో మన సభ్యుల్లో ఎక్కువమంది ఇంట్లో మనుషులు కొన్నాళ్లైనా కూలికి పోయేవాళ్లే. వాళ్ల ఇంటి మొత్తం లెక్క వేస్తే ఈ మార్పు నష్టం కాదు. నష్టం వచ్చే రైతుకు రావాల్సింది మద్దతు ధర నుంచి రావాలి. పక్కింటి ఆడమనిషి కూలి కోసి కాదు.

ఈ ఫలితం ఎంత గట్టిది? ఒకే పరిశోధన మీద అంత బరువు పెట్టొచ్చా? సగానికి సగం మంది పేపర్లో వచ్చిన ఒక్క అంకె పట్టుకొని ఆగిపోతారు, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. గట్టిదనం చూడాలంటే వేరే దారిలో పోయినవాళ్లు ఏం చూశారో అడగాలి. ఇంబెర్, పాప్ పద్ధతి వేరు, లెక్కలు దేశమంతటివి. వాళ్లకూ కూలి పెరిగినట్టే వచ్చింది. రెండు వేర్వేరు దార్లలో పోయి ఒకే చోటికి చేరారు కాబట్టి "కూలి పెరిగింది" అన్నది గట్టి మాట. ఎంత పెరిగింది అన్న అంకె మాత్రం గట్టిది కాదు, దారిని బట్టి మారుతోంది. ప్రైవేటు పని విషయంలో ఇద్దరికీ తేడా ఉంది. ఒకరికి కొంచెం తగ్గింది, ఇంకొకరికి పెరిగింది. కాబట్టి "ఉపాధి పని వల్ల కూలోళ్లు మాయమయ్యారు" అని వేదిక ఎక్కి చెప్పేవాడికి ఈ సాక్ష్యం చాలదు. "ఏ ప్రభావమూ లేదు" అని చెప్పేవాడికీ చాలదు.

తేడాకు ఒక కారణం ఊహించొచ్చు. ఇంబెర్, పాప్ పోల్చింది పథకం ఉన్న జిల్లాను, లేని జిల్లాను. మన జిల్లాలో జరిగిన లాటరీ పథకానికి కాదు, కార్డుకు. పథకం అన్ని మండలాల్లోనూ ఉంది. సరిగా డబ్బు అందిన మండలాన్ని, సరిగా అందని మండలాన్ని పోల్చారు. ప్రశ్నే వేరు. పరిశోధన ఫలితం వినగానే "ఏది ఎవరితో పోల్చారు?" అని అడగడం అలవాటు చేసుకోండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

ఒక చోట నిజమైనది ఇంకో చోట నిజం కాకపోవడం ఎట్లా ఉంటుందో కూడా వీళ్ల పనిలోనే చూడొచ్చు. ఆ ముగ్గురే జార్ఖండ్‌లో రేషన్ బియ్యానికి ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు లాటరీ పద్ధతిలోనే పరీక్షించారు. అక్కడ మొదటి దశలో దొంగతనం తగ్గలేదు. పైగా కార్డుకు ఆధార్ కలపని అసలైన లబ్ధిదారులకు సరుకు సగటున 10 శాతం తగ్గింది, వాళ్లలో కొంతమందికి ఏమీ దక్కలేదు. వేలిముద్ర అదే, ఫలితం ఎందుకు మారింది? మన దగ్గర 2010-12లో కార్డు లేనివాడికి పాత పద్ధతిలో డబ్బు ఇస్తూనే ఉన్నారు. అక్కడ ఆ దారి మూసేశారు. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలికి ఆధార్ చెల్లింపు దేశమంతటా తప్పనిసరి చేసినప్పుడు, ఆంధ్రలో వేలిముద్ర మంచి చేసింది కదా అని ఎవరైనా అంటే మన జవాబు సిద్ధంగా ఉండాలి. ఆంధ్రలో మంచి చేసింది వేలిముద్ర ఒక్కటే కాదు. వేలు పడనివాడికి తెరిచి ఉంచిన రెండో దారి కూడా.

పత్తి సంగతి చెప్పకుండా ఈ ఊళ్లో ప్రసంగం ముగిస్తే మీరు ఒప్పుకోరు. బీటీ పత్తి దేశంలోకి 2002 మార్చిలో అనుమతితో వచ్చింది. 2003లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది, దిగుబడి 80 శాతం పెరుగుతుందని. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. అది 2001లో కంపెనీ పర్యవేక్షణలో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తమిళనాడులో వేసిన పరీక్ష చేలది. అందులో ఆంధ్ర లేదు. ఆ మరుసటి ఏడాది రైతులు మామూలుగా వేసిన చేలు చూసి, దాదాపు అదే బృందం రాసిన లెక్కలో నాలుగు రాష్ట్రాల సగటు 34 శాతం. ఆంధ్ర ఒక్కదానికి మైనస్ 3 శాతం. కరువు ఏడాది, పైగా ఆ హైబ్రిడ్‌లు మన నేలకు సరిపోలేదు. 2005లో మన రాష్ట్రంలో ఆ మూడు హైబ్రిడ్‌లకు అనుమతి పొడిగించలేదు కూడా. 2012లో అదే రైతుల్ని అనేక ఏండ్లు వెంబడించి వేసిన లెక్క 24 శాతం అంది. ముందుగా బీటీ వేసినవాడు నీళ్లు, ఎరువు, తెలివి ఎక్కువ ఉన్నవాడే కదా, అతను మామూలు విత్తనం వేసినా ఎక్కువే పండించేవాడు అన్న ప్రశ్నను ఇంకొందరు లేపి, కనిపించిన లాభంలో కొంత భాగం అట్లాంటిదేనని చూపారు. 2020లో కేశవ్ క్రాంతి, గ్లెన్ స్టోన్ దేశమంతటి ఇరవై ఏండ్ల లెక్కలు ముందు పెట్టి, దిగుబడి పెరుగుదల బీటీ పాకిన తీరుతో కలవడం లేదు, ఎరువుల వాడకంతో కలుస్తోంది అన్నారు.

ఒకే పంటకు 80, 34, మైనస్ 3, 24. ఎవరూ అబద్ధం రాయలేదు. చేను మారింది, ఏడాది మారింది, పోలిక మారింది. గులాబీ రంగు పురుగు ఇప్పుడు ఆ బీటీని లెక్క చేయడం లేదు కాబట్టి రేపు కొత్త విత్తనం వస్తుంది, దానికీ ఒక పెద్ద అంకె తగిలించి తెస్తారు. ఏ ఏడాది, ఎవరి చేను, ఎవరితో పోలిక, మన నల్లరేగడి మెట్టలో వేసి చూశారా అని విత్తనాల అంగడిలోనే అడగండి.

ఇక మన పని. 60 రోజుల సంగతికి తిరిగొస్తాను. మన వైపు ఉపాధి పని ముమ్మరంగా నడిచేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా. పత్తి తీత దసరా దాటాక. పత్తి తీతల్లో మనుషులు దొరకడం లేదంటే వాళ్లు కరువు పనికి పోయారని క్యాలెండరు ఒప్పుకోవడం లేదు. ఇందాక రాసుకోమన్న మాట కూడా దీనికే. వానాకాలంలో ప్రభావం పెద్దగా లేదు. నా అంచనా ఏమంటే, ఊళ్లో పని, చేతిలో సకాలానికి డబ్బు లేకే వాళ్లు సుగ్గికి పోతున్నారు. పని ఆపితే పోయేవాళ్లు పెరుగుతారే తప్ప తగ్గరు. ఇది అంచనా మాత్రమే. దీన్ని రుజువుగా కలెక్టరు ముందు పెట్టలేం. అందుకే సర్వే.

ఆ సర్వే ఎట్లా చేయాలో చెప్తాను. ఒక ఊళ్లో సుగ్గికి పోయిన ఇండ్లకే పోయి "ఎందుకు పోయారు?" అని అడిగితే అందరూ "పని లేక" అంటారు. అది నిజమే అయినా రుజువు కాదు, పోనివాళ్లకు పని ఉందో లేదో మనం అడగలేదు కాబట్టి. ఓటర్ల జాబితాలో ప్రతి పదో ఇంటిని తీసుకోండి. పోయిన ఇల్లు, పోని ఇల్లు రెండూ వస్తాయి. మనకు తెలిసిన ఇల్లు, మన సభ్యుల ఇల్లు అని ఏరుకోవద్దు. తాళం వేసిన ఇంటిని వదిలేసి పక్కింటికి పోవద్దు, మనకు కావాల్సిన ఇల్లే అది. ఫారం మీద "తాళం" అని రాసి, పక్కవాళ్లను అడిగి ఎక్కడికి, ఎప్పుడు పోయారో రాయండి.

కూలి రేటు నెలవారీగా రాయండి, "ఈ ఏడాది ఎంత" అని ఒక్క ముక్క వద్దు. పత్తి తీత కిలో లెక్కనా, రోజు లెక్కనా అన్నది వేరే గడిలో. రైతును అడిగిన రేటు, కూలిని అడిగిన రేటు రెండూ రాయండి. రెంటికీ తేడా ఉంటే సరిచేయొద్దు, అట్లాగే ఉంచండి. ఉపాధి పని ఎన్ని రోజులు అడిగారు, ఎన్ని రోజులు ఇచ్చారు, డబ్బు ఏ తేదీకి పడింది అన్నది పాసుపుస్తకం చూసి రాయండి. నోటి మాట చాలదు.

లెక్క కట్టాక సగటు ఒక్కటే చెప్పొద్దు. ముప్పై ఎకరాల ఆసామి ఒక్కడు జాబితాలో పడితే సగటు ఎక్కడికో పోతుంది. నడిమి ఇంటి లెక్క కూడా చెప్పండి. ఆ తర్వాత ఒక్కో ఊరిని తీసేసి మళ్లీ కట్టి చూడండి. ఒక్క ఊరు తీస్తేనే ఫలితం తలకిందులైతే అది ఆ ఊరి కథ, మండలం కథ కాదు. ఫలితం మనం అనుకున్నదానికి ఎదురుగా వచ్చినా కాగితం మీద అట్లాగే పెడదాం. 60 రోజులు ఆపడం వల్ల మన ఊళ్ల రైతుకు నిజంగా మేలు ఉందని తేలితే, ఏ రోజులు ఆపితే కూలికి తక్కువ దెబ్బ తగులుతుందో అన్నదే మన డిమాండు అవుతుంది. మేలు లేదని తేలితే ఆ నిబంధనే వద్దంటాం.

ఫారాలు మండల కమిటీ దగ్గర ఉన్నాయి. కాలువ కింది ఊళ్లు సగం, మెట్ట ఊళ్లు సగం ఉండేటట్టు చీట్లు వేసి తీద్దాం. ఆ చీట్లు ఇప్పుడే, మీ అందరి ముందే తీయాలని అధ్యక్షులవారిని కోరుతున్నాను.